బెంగళూరులో కూర్చుని పాత స్కాట్లాండ్ బొగ్గుబాయి చరిత్ర రాయడం ఎలా

ముప్పయి నలభై మంది పనివాళ్లు, కిందికి దిగే నిలువు గుంత (షాఫ్టు) ఒకటే, దాని మీద గుర్రం తిప్పే చక్రమో చిన్న ఆవిరి ఇంజనో, పది పదిహేనేళ్ల ఆయుష్షు. 19వ శతాబ్దపు స్కాట్లాండ్‌లో చిన్న బొగ్గుబాయి అంటే చాలావరకు ఇంతే. లానార్క్‌షైర్, ఎయిర్‌షైర్, ఫైఫ్, మిడ్‌లోథియన్ జిల్లాల్లో ఇలాంటివి ఎన్నో తవ్వారు, చేతికందే బొగ్గు అయిపోగానే మూసేశారు. యజమానుల లెక్కల పుస్తకాలు కొద్దిమందివే మిగిలాయి. కానీ పరాయివాళ్లు తమ అవసరానికి రాసుకున్న కాగితాలు బోలెడున్నాయి: సర్వేయరు గీసిన పటం, పన్ను లెక్కగట్టినవాడి పుస్తకం, జనాభా లెక్కల షీటు, చావుల రిజిస్టరు, గనుల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, చర్చి పాస్టరు తన పరగణా (పారిష్) గురించి రాసిన వర్ణన. వీటిలో ఎక్కువ భాగం ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. కాబట్టి వెతకడం పెద్ద కష్టం కాదు. దొరికిన పది కాగితాలూ ఒకే బాయి గురించి మాట్లాడుతున్నాయని తేల్చుకోవడమే అసలు కష్టం.

బెంగళూరులో కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి, గోదావరిఖని నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో నాన్నో తాతో సింగరేణిలో చేసి ఉంటే టబ్బు (బొగ్గు నింపే తొట్టి), పిల్లరు, సర్దారు, పైకప్పు కూలడం లాంటి మాటలు చిన్నప్పటినుంచీ చెవిన పడే ఉంటాయి. ఈ పనికి అది మంచి పెట్టుబడి. స్కాట్లాండ్ కాగితాల్లో కనబడే పద్ధతులు చాలావరకు మన గనుల్లో చూసినవే.

పేరు పక్కన పెట్టండి, చోటు పట్టుకోండి

మొదటి రోజే అందరూ చేసే పని, బాయి పేరు కొట్టి వెతకడం. అక్కడే దారి తప్పుతారు. బాయిలకు పక్కనున్న పొలం పేరు పెట్టేవాళ్లు, యజమాని కూతురి పేరు పెట్టేవాళ్లు, లేదా ఒకటో నంబరు, రెండో నంబరు అని ఊరుకునేవాళ్లు. ఒకే పేరు రెండు మూడు జిల్లాల్లో కనిపిస్తుంది. కౌలుదారు మారితే పేరూ మారుతుంది. దీనికి తోడు ‘కోలియరీ’ (బొగ్గుగని) అన్న మాట కింద నాలుగైదు షాఫ్టులు ఉండొచ్చు. ప్రభుత్వ జాబితాలో ఒక్క వరుసలో ఉన్న పేరు నేల మీద అర మైలు మేర విస్తరించిన నాలుగు గుంతలు కావచ్చు.

కాబట్టి పటంతో మొదలుపెట్టండి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైటులో ఆర్డ్‌నెన్స్ సర్వే పాత పటాలు ఉచితంగా చూడొచ్చు. మీకు పనికొచ్చేవి రెండు రకాలు. మైలుకు ఆరంగుళాల స్కేలుది 1:10,560. మైలుకు పాతికంగుళాలది 1:2,500. ఆరంగుళాల పటంలో బాయి ఉనికి తెలుస్తుంది. పాతికంగుళాల దానిలో ఇంజన్ షెడ్డు, కొలిమి, పట్టాల చీలికలు, పనివాళ్ల ఇళ్ల వరుసలు విడివిడిగా తెలుస్తాయి. పాత పటాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి పారదర్శకత తగ్గిస్తూ పెంచుతూ చూసే సౌకర్యం కూడా అక్కడే ఉంది.

పటం మీద చిన్న వృత్తమో చుక్కో ఉండి పక్కన ‘కోల్ పిట్’ అని ఉంటే సర్వే నాటికి బాయి నడుస్తోంది. ‘ఓల్డ్ కోల్ పిట్’, ‘ఓల్డ్ షాఫ్ట్’ అని ఉంటే అప్పటికే మూతబడింది. ‘ఎయిర్ షాఫ్ట్’ అంటే గాలి కోసం తవ్వింది. అంచులకు గీతలు పెట్టిన దిబ్బ ఆకారం కనబడితే అది పనికిరాని రాయి పోసిన గుట్ట, దాన్ని అక్కడివాళ్లు బింగ్ అంటారు. చోటు ఖాయం కాగానే, బ్రిటన్ పటాల మీద చోటును గుర్తించే బ్రిటిష్ నేషనల్ గ్రిడ్ నంబరు రాసుకోండి. రెండు అక్షరాలు, ఎనిమిది అంకెలు రాసుకుంటే పది మీటర్ల చదరంలోకి వస్తారు. ఇకమీదట మీ బాయికి అసలు పేరు అదే. దాని చుట్టూ అర కిలోమీటరు వృత్తం గీసి, అందులో పడే ప్రతి షాఫ్టునూ, అది మీది కాకపోయినా సరే, జాబితా రాసి పెట్టుకోండి. తర్వాత దొరికే ప్రతి కాగితాన్నీ ఈ జాబితా ముందు పెట్టి, ఇది వీటిలో దేనిది అని అడగాలి.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, పటం అచ్చైన ఏడాదిని సర్వే ఏడాదిగా తీసుకోవడం. షీటు అంచున రెండూ విడిగా ఉంటాయి, మధ్యలో రెండు మూడేళ్లో ఇంకా ఎక్కువో తేడా ఉంటుంది. మిడ్‌లోథియన్ మొదటి సర్వే 1850ల తొలి భాగంలో, లానార్క్‌షైర్‌ది 1850ల రెండో భాగంలో జరిగాయి. రెండో సర్వే చాలా జిల్లాల్లో 1890ల్లో వచ్చింది. అంటే 1862లో తెరిచి 1880లో మూసిన బాయి నడుస్తున్న స్థితిలో ఏ పటంలోనూ ఉండదు. రెండో పటంలో పాత షాఫ్టుగా మిగిలి ఉంటే అదృష్టం. అది కూడా లేకపోతే మూడు చోట్ల చూడాలి. గనుల అథారిటీ వాళ్ల ఇంటరాక్టివ్ మ్యాప్ మొదటిది. దీన్ని కోల్ అథారిటీ అనేవాళ్లు, 2024లో పేరు మైనింగ్ రిమెడియేషన్ అథారిటీగా మారింది. తెలిసిన షాఫ్టు నోళ్లన్నీ అందులో గుర్తు పెట్టి ఉంటాయి. రెండోది బ్రిటిష్ జియోలాజికల్ సర్వే వాళ్ల బోరుబావుల రికార్డులు. మూడోది స్కాట్లాండ్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లైడార్ చిత్రాలు, అంటే పైనుంచి లేజరు కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచి తీసినవి. లైడార్‌లో గడ్డీ పొదలూ తొలగిపోయి నేల ఒక్కటే కనిపిస్తుంది. మధ్యలో గుంట, చుట్టూ మట్టి కట్ట, ఉంగరం ఆకారం. అలాంటివి వరుసగా ఉంటే బొగ్గు పొర నేల పైకి తేలిన గీత వెంబడి తవ్వుకుంటూ పోయారని అర్థం.

ఆర్డ్‌నెన్స్ సర్వే నేమ్ బుక్స్‌ను మరిచిపోవద్దు. పటం మీద రాసిన ప్రతి పేరుకూ సర్వేయర్లు స్థానికులను అడిగి వివరం నమోదు చేసుకున్నారు. స్కాట్లాండ్స్‌ప్లేసెస్ వెబ్‌సైటులో వీటిని ఉచితంగా పెట్టారు. ‘ఫలానా వారి ఆస్తి, ఫలానా కౌలుదారు నడుపుతున్నాడు’ లాంటి ఒక్క వాక్యం దొరికినా ఆ తర్వాతి వెతుకులాట సగమవుతుంది.

కాగితాలు ఏ వరుసలో చూడాలి

చోటు తర్వాత కౌలుదారును పట్టుకోవాలి. స్కాట్లాండ్‌లో నేల కింది బొగ్గు సాధారణంగా భూస్వామిది. ఆయన దాన్ని కౌలుకు ఇస్తాడు. 1854 చట్టంతో మొదలై 1855 నుంచి ఏటేటా రాసిన వాల్యుయేషన్ రోల్స్‌లో ప్రతి ఆస్తికీ యజమాని, కౌలుదారు, అనుభవిస్తున్నవాడు, ఏడాది విలువ వరుసగా ఉంటాయి. స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైటులో 1855, 1865, 1875, ఇలా పదేళ్లకొకటి పేర్లతో వెతికే వీలుంది. మధ్య సంవత్సరాలు కావాలంటే నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్‌ను అడగాలి. ఏడాదికి నాలుగు పౌండ్ల లోపు అద్దె ఇళ్లలో ఉన్నవారి పేర్లు రాయాలన్న నియమం లేదు. అందుకే పనివాళ్ల వరుస ఇళ్లు ‘ఇన్ని ఇళ్లు’ అని గంపగుత్తగా ఉంటాయి. అక్కడ మీ మనిషి పేరు లేదంటే ఆయన అక్కడ లేడని కాదు.

1855కు ముందు కాలానికి పాస్టర్ల వర్ణనలే దిక్కు. సర్ జాన్ సింక్లెయిర్ పూనికతో వచ్చిన మొదటి స్టాటిస్టికల్ అకౌంట్ 1791 నుంచి 1799 వరకు, రెండోది 1834 నుంచి 1845 వరకు. పరగణాకు ఒక అధ్యాయం ఉంటుంది. పొరల పేర్లు, మందం, బొగ్గు ధర, ఎవరు నడుపుతున్నారు అన్నవి వీటిలో బాగా దొరుకుతాయి. చదివేటప్పుడు పాస్టరు రాసిన ఏడాది, సంపుటం అచ్చైన ఏడాది వేరని గుర్తుంచుకోండి. అధ్యాయం చివర తేదీ ఉంటే దాన్నే తీసుకోండి.

1850 చట్టం తర్వాత గనుల ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. ప్రాణాలు పోయిన ప్రతి ప్రమాదాన్నీ యజమాని తెలియజేయాలి. ఇన్‌స్పెక్టర్ వార్షిక నివేదికలో తేదీ, బాయి, యజమాని, చనిపోయినవారి పేరు, పని, కారణం పట్టికగా ఉంటాయి. చిన్న బాయి చరిత్రలో కచ్చితమైన తేదీలు దొరికేది చాలాసార్లు ఈ పట్టికల్లోనే. అది బాధాకరమే. ఎవరూ చనిపోని ఏళ్లలో ఆ బాయి నివేదికలో ఎక్కడా కనిపించకపోవచ్చు కూడా. ఆ ఖాళీని మూతబడినట్టు లెక్కవేయకండి. రాబర్ట్ హంట్ 1850ల నుంచి ఏటా వేసిన ఖనిజ గణాంకాల్లో కోలియరీల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో పేరు ఉందా లేదా చూస్తే ఖాళీ ఏళ్లు చాలావరకు నిండుతాయి. 1890ల చివరి ప్రభుత్వ జాబితాల్లో అయితే మేనేజరు పేరు, పైన ఎంతమంది, కింద ఎంతమంది అన్నవీ ఉంటాయి.

యజమాని దివాలా తీశాడనిపిస్తే ప్రభుత్వ ప్రకటనల పత్రిక ఎడిన్‌బరో గెజెట్ చూడండి. ఉచితంగా వెతకొచ్చు. ఆస్తుల స్వాధీన ప్రకటనలో కౌలుదారు పూర్తి పేరు, ఊరు, తేదీ ఉంటాయి. కంపెనీగా రిజిస్టరు చేసుకుని తర్వాత రద్దైన వాటి ఫైళ్లు నేషనల్ రికార్డ్స్‌లో బీటీ2 వరుసలో ఉన్నాయి. పెద్ద ఎస్టేటు భూమిలో బాయి ఉంటే అక్కడే కుటుంబాల, ఎస్టేట్ల కాగితాలుండే జీడీ వరుసలు చూడాలి. పెనిక్యుక్ క్లర్క్ కుటుంబానివి జీడీ18, బక్‌లూ డ్యూకులవి జీడీ224. కౌలు ఒప్పందం దొరికితే దొరికేది ఇక్కడే.

సాక్ష్యాన్ని చదివే పద్ధతి, ఒక పిల్ల మాటలతో

1842లో వచ్చిన బాలకార్మికుల కమిషన్ నివేదికలో తూర్పు స్కాట్లాండ్ భాగాన్ని రాబర్ట్ హ్యూ ఫ్రాంక్స్ రాశారు. ప్రతి కోలియరీకీ పరగణా, యజమాని చెప్పి, దాని కింద పనివాళ్ల వాంగ్మూలాలు వరుసగా ఇచ్చారు. మీ బాయి 1840 ప్రాంతంలో నడిచి ఉంటే ముందు దీన్ని చూడాలి. కంట తడి పెట్టించే పుస్తకం. అయినా ఆగి, లెక్క వేస్తూ చదవాలి.

లోన్‌హెడ్ కోలియరీలో బొగ్గు మోసే ఎల్లిసన్ జాక్‌కు పదకొండేళ్లు. మూడేళ్లుగా తండ్రితో కిందికి దిగుతోంది. తెల్లవారుజామున రెండింటికి దిగితే పైకొచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో. తను మోసే చోట పొరలు బాగా నిటారుగా ఉన్నాయని చెబుతుంది. నాలుగు నిచ్చెనలు ఎక్కితేనే షాఫ్టు అడుగుకు పోయే పెద్ద దారి. రోజు పని నాలుగైదు టబ్బులు, టబ్బుకు 4.25 హండ్రెడ్‌వెయిట్లు, ఐదు టబ్బులు నింపడానికి ఇరవై విడతలు.

ఇప్పుడు లెక్క. హండ్రెడ్‌వెయిట్ అంటే 112 పౌన్లు. టబ్బు 476 పౌన్లు, ఐదు టబ్బులు 2,380. దాన్ని ఇరవైతో భాగిస్తే విడతకు 119 పౌన్లు, అంటే 54 కిలోలు. అదే నివేదికలో షెరిఫ్‌హాల్ బాయిలో మోసే జానెట్ కమింగ్, ఈమెకీ పదకొండేళ్లే, బరువు మామూలుగా ఒక హండ్రెడ్‌వెయిట్ అంటుంది. అంటే దాదాపు 51 కిలోలు. వేరువేరు బాయిలు, వేరువేరు పిల్లలు, అంకెలు మాత్రం పక్కపక్కనే నిలిచాయి. కమిషనరు ఎక్కువచేసి రాశాడన్న అనుమానానికి ఇలాంటి పోలికే జవాబు. మీ బాయిలో టబ్బు బరువు, విడతలు, మోతలు రాసి ఉంటే తప్పకుండా ఇలా భాగించి చూడండి. పొంతన కుదరకపోతే టబ్బు కొలత వేరైనా అయి ఉండాలి, విడతల్లో ఇద్దరు ముగ్గురివి కలిసైనా ఉండాలి.

నిచ్చెనల మాట కూడా వదలకండి. లోన్‌హెడ్ దగ్గర మిడ్‌లోథియన్ పొరలు కొన్ని దాదాపు నిటారుగా లేచి ఉంటాయి, వాటిని అక్కడ ఎడ్జ్ కోల్స్ అంటారు. భూగర్భ పటం తెరిస్తే ఆ పొరల గీతలు దగ్గరదగ్గరగా ఇరుక్కుని కనబడతాయి. ఆ పిల్ల చెప్పిన నిటారు పొర, పటంలో గీత ఒకదాన్నొకటి బలపరుస్తాయి. మీ బాయిలో వాంగ్మూలం నిచ్చెనల గురించి చెబుతుంటే, పటం మాత్రం పొరలు చదునుగా ఉన్నాయంటే, మీరు వేరే బాయి వాంగ్మూలం పట్టుకున్నారేమో చూడండి.

ఈ నివేదిక ఫలితమే 1842 చట్టం. ఆడవాళ్లు, పదేళ్లలోపు మగపిల్లలు గనిలోకి దిగకూడదని నిషేధించింది. అయితే చట్టం వచ్చిన మర్నాడే అంతా ఆగిపోలేదు. తర్వాత కొన్నేళ్లు తూర్పు స్కాట్లాండ్‌లో ఆడవాళ్లు రహస్యంగా దిగుతూనే ఉన్నారని అమలు చూసిన కమిషనర్ ట్రెమెన్‌హీర్ నివేదికలే చెబుతాయి. ‘1843 నుంచి ఈ బాయిలో ఆడవాళ్లు లేరు’ అని చట్టం తేదీని చూసి రాసేయకండి. మీ బాయి కాగితం అలా చెబితేనే రాయండి.

ఎంత బొగ్గు తీశారు

ఉత్పత్తి లెక్క నేరుగా దొరకడం అరుదు. రెండు దారుల్లో అంచనా వేయొచ్చు.

మొదటి దారి కౌలు డబ్బు. సాధారణంగా ఒప్పందంలో రెండు అంకెలు ఉంటాయి. ఏటా కట్టాల్సిన స్థిర అద్దె ఒకటి, టన్నుకింత అని రాయల్టీ ఇంకొకటి. ఆ రాయల్టీని స్కాట్లాండ్‌లో లార్డ్‌షిప్ అంటారు. రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. వాయిదాలు మే 15న విట్‌సండేకు, నవంబరు 11న మార్టిన్‌మస్‌కు. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌండుకు 240 పెన్నీలు. ఎస్టేటు పుస్తకంలో ఏడాదికి 125 పౌండ్ల లార్డ్‌షిప్ ఉండి, ఒప్పందంలో టన్నుకు ఆరు పెన్నీలని ఉందనుకోండి. 125ను 240తో హెచ్చవేసి ఆరుతో భాగిస్తే 5,000 టన్నులు. కానీ వరసగా నాలుగేళ్లు అదే అంకె, పెన్నీతో సహా కనబడితే అది లార్డ్‌షిప్ కాదు, స్థిర అద్దె. ఆ ఏళ్లలో తీసిన బొగ్గు అంతకన్నా తక్కువని మాత్రమే చెప్పగలరు. కొన్ని ఒప్పందాల్లో తక్కువ తీసిన ఏడాది లోటును తర్వాత ఏడాదిలో సర్దుకునే వీలుంటుంది. అది చూడకుండా ఏడాది ఏడాదికీ టన్నుల పట్టిక వేస్తే ఒక ఏడు ఎండిపోయి, మరో ఏడు పొంగినట్టు అబద్ధపు బొమ్మ వస్తుంది.

రెండో దారి విస్తీర్ణం. బొగ్గు ఘనపుటడుగుకు సుమారు 80 పౌన్లు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. 2,240 పౌన్ల పాత టన్నుతో లెక్కవేస్తే ఎకరంలో ఒక అడుగు మందం పొర సుమారు 1,550 టన్నులు. మూడడుగుల పొరైతే 4,650. అదంతా పైకి రాదు. స్కాట్లాండ్‌లో స్టూప్ అండ్ రూమ్ అనే పద్ధతి మన సింగరేణి బోర్డ్ అండ్ పిల్లర్ లాంటిదే. గదులు తవ్వి, మధ్యలో బొగ్గు స్తంభాలు పైకప్పు కోసం వదిలేస్తారు. ప్లాను మీద స్తంభాలు కొలిచి తీసేయండి. చివర్లో స్తంభాలు కూడా తీశారా అన్నది ప్లానులో రంగు మార్పునో, అడ్డగీతలనో బట్టి తెలుస్తుంది. 1820లకు ముందు కాగితాల్లో ఎకరమంటే స్కాట్స్ ఎకరం కావచ్చు, అది మామూలు ఎకరం కన్నా నాలుగో వంతుకు పైగా పెద్దది. లోతు ఫాదమ్‌లలో ఉంటే ఆరడుగులతో హెచ్చవేయండి. ఆ లోతు బొగ్గు పొర దాకానా, నీళ్లు చేరే అడుగు గుంట దాకానా అన్నది కూడా చూసుకోవాలి.

గని ప్లాను, ఉత్తర దిక్కు

1872 చట్టంతో మూతబడిన గని ప్లాను ప్రభుత్వానికి అప్పగించడం తప్పనిసరైంది. అంతకు ముందు మూసిన చిన్న బాయిలకు ప్లాను ఉంటే ఎస్టేటు కాగితాల్లోనే ఉండాలి. దొరికిన ప్లానును ఇప్పటి పటం మీద కూర్చోబెట్టడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. అందులో జియోరిఫరెన్సర్ తెరిచి, నిరూపక వ్యవస్థగా ఈపీఎస్‌జీ 27700 (బ్రిటిష్ నేషనల్ గ్రిడ్ కోడు) ఎంచుకోండి. రెండు చోట్లా కనబడే కనీసం నాలుగు బిందువులు కలపండి: షాఫ్టు, చర్చి మూల, రోడ్ల కూడలి, వంతెన. ఏటి ఒడ్డును, చెట్ల వరుసను తీసుకోవద్దు, అవి కదులుతాయి. పాత ప్లానుకు సరళమైన హెల్మర్ట్ పద్ధతి వాడండి. వంకర సరిచేసే క్లిష్టమైన పద్ధతులు తప్పును దాచేస్తాయి.

ఉపరితలపు గుర్తులు లేని ప్లానైతే బాణం గుర్తు మీద ఆధారపడాలి. అక్కడే గట్టి దెబ్బ తగులుతుంది. గనిలో దిక్సూచితో కొలిచారు గనుక ఆ బాణం తరచు అయస్కాంత ఉత్తరం. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్‌లో అది నిజమైన ఉత్తరానికి 20 డిగ్రీలకు పైగా పడమటికి ఒరిగి ఉండేది. 25 డిగ్రీల తేడాను పట్టించుకోకపోతే షాఫ్టు నుంచి అర కిలోమీటరు దూరంలో ఉన్న పని ముఖం (బొగ్గు తవ్వే చోటు) రెండొందల మీటర్లకు పైగా పక్కకు జరిగిపోతుంది. పక్క బాయి హద్దులోకి చొరబడినట్టు కనబడి, లేని తగాదా పుట్టుకొస్తుంది. ఆ ఏడాది అయస్కాంత విచలనం ఎంతో చూసుకుని ప్లానును తిప్పిన తర్వాతే ఏ నిర్ణయానికైనా రండి.

ప్లాను మీద ఉండే ‘అబాండన్డ్’ తేదీ ఆ ఒక్క పొరది కావచ్చు. పైపొర వదిలేసి కిందిపొరకు దిగి ఇంకా పదేళ్లు నడిచిన బాయిలున్నాయి. ఇంకో విషయం. 1862 జనవరిలో ఇంగ్లండ్‌లోని హార్ట్‌లీ గనిలో ఇంజను దూలం విరిగి ఉన్న ఒక్క షాఫ్టు మూసుకుపోయి 204 మంది చనిపోయారు. ఆ ఏడాదే రెండు దారులు ఉండాలని చట్టం వచ్చింది. కాబట్టి 1870ల్లో నడిచిన బాయికి ఒకే షాఫ్టు కనబడితే రెండోది ఎక్కడో వెతకండి. గాలి షాఫ్టు కావచ్చు, పక్క బాయిలోకి తవ్విన దారి కావచ్చు. ఆ దారి దొరికితే రెండు బాయిల యాజమాన్యం సంబంధం కూడా బయటపడుతుంది.

మనుషులు

1841 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు. 1841లో పదిహేనేళ్లు దాటినవారి వయసులను ఐదు గుణిజానికి కిందికి దించి రాశారు, 34 అయితే 30. 1851 నుంచి పుట్టిన పరగణా ఉంటుంది. 1861 నుంచి కిటికీ ఉన్న గదులెన్నో కూడా రాశారు. ఒకే గదిలో తొమ్మిదిమంది అన్న వరుస కనబడితే ఆ బాయి జీవితం గురించి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. జనాభా లెక్కలో ‘కోల్ మైనర్’ అంటే ఏ బాయిలోనో చెప్పదు. వరుస ఇళ్లు ఎవరివో వాల్యుయేషన్ రోల్‌లో చూసి కలపాలి. పిల్లల పుట్టిన ఊళ్లు వరసగా రాసుకుంటే ఆ కుటుంబం ఏ బాయి నుంచి ఏ బాయికి తిరిగిందో తెలుస్తుంది. 1891లో పరగణాల హద్దులు మారాయి, ఊరు కదలకుండానే పరగణా మారినట్టు కనబడొచ్చు.

1855 జనవరి 1 నుంచి జనన మరణాల రిజిస్టర్లు తప్పనిసరి. మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లు, కారణం ఉంటాయి. మార్జిన్‌లో కరెక్టెడ్ ఎంట్రీస్ రిజిస్టరు ప్రస్తావన ఉంటే ఆ పేజీ తప్పక తెరవండి. హఠాన్మరణాలపై అధికారి విచారించాక నమోదైన వివరం అందులో ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ పట్టికలో ‘పైకప్పు కూలి’ అని రెండు మాటల్లో తేలిన చావుకు ఇక్కడ చోటు, గంట, గాయం దొరుకుతాయి. 1895 చట్టం తర్వాత పనిచోటు ప్రమాద మరణాలకు షెరిఫ్ (స్థానిక జడ్జి) ముందు జ్యూరీ విచారణ జరిగింది, ఆ ఫైళ్లలో తోటి పనివాళ్ల మాటలున్నాయి. భర్త పోయిన భార్యను తర్వాత వెతకాలంటే ఆమె పుట్టింటి పేరుతో కూడా చూడండి. స్కాట్లాండ్ రిజిస్టర్లలో పెళ్లైన ఆడవాళ్లకు అది కూడా నిలిచి ఉంటుంది.

బెంగళూరు నుంచి చేసేవారికి కొన్ని పనికొచ్చే మాటలు

స్కాట్లాండ్స్‌పీపుల్‌లో సూచిక చూడటం ఉచితం, రికార్డు బొమ్మ తెరవాలంటే క్రెడిట్లు కొనాలి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట ఆపి ఉంటాయి. యాప్‌లో ఆన్ చేసి, చిన్న పరిమితి పెట్టుకుని, పని కాగానే ఆపేయండి. ముందు సూచికలోనే పేరు, వయసు, పరగణా చూసి జాబితా కట్టుకుని, ఒకేసారి కూర్చుని బొమ్మలు తెరిస్తే క్రెడిట్లు వృథా కావు. బొమ్మను వెంటనే దించుకుని, ఫైలు పేరులో గ్రిడ్ నంబరు, ఏడాది, రికార్డు రకం పెట్టండి. వందో ఫైలు దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటు విలువ తెలుస్తుంది.

ఎడిన్‌బరో ఆఫీసులకు ఫోను చేయాలంటే వాళ్ల ఉదయం తొమ్మిది మనకు చలికాలంలో మధ్యాహ్నం రెండున్నర, వేసవిలో ఒకటిన్నర. మార్చి, అక్టోబరు ఆఖరి ఆదివారాల్లో ఈ తేడా మారుతుంది. జనవరి 2 అక్కడ సెలవు. వాళ్లకు రాసే ఉత్తరంలో ‘ఫలానా బాయి గురించి ఏముంది’ అని అడిగితే జవాబు పొడిగా వస్తుంది. వరుస సంఖ్య, పరగణా, సంవత్సరాలు, కౌలుదారు పేరు ఇచ్చి ఒక్క ప్రశ్న అడగండి.

బాయి పైభాగం ఎలా ఉంటుందో కళ్లారా చూడనివారు ఒక ఆదివారం కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు) వెళ్లిరావచ్చు. బెంగళూరు నుంచి బంగారుపేట మీదుగా మారికుప్పం దాకా రైలుంది. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపి, చివరికి 2001లో మూతబడిన గనుల హెడ్‌గేర్లు (షాఫ్టు మీది చక్రాల గోపురాలు), పనివాళ్ల వరుస ఇళ్లు అక్కడ చూడొచ్చు. షాఫ్టుకూ ఇంజను గదికీ మధ్య దూరం, తాడు కోణం, గుట్ట ఎటువైపు పోస్తారు అన్నవి ఒకసారి చూస్తే పాతికంగుళాల పటం చదవడం తేలికవుతుంది. అయితే అక్కడి దిబ్బలు బంగారం తీశాక మిగిలిన పొడి, స్కాట్లాండ్ బింగ్‌లు చాలావరకు గని నుంచి తెచ్చిన రాయి. రంగూ వాలూ వేరుగా ఉంటాయి. రోడ్డు మీది నుంచే చూడండి, పాత షాఫ్టుల దగ్గరికి పోవద్దు.

రాసేటప్పుడు

బాయికి ఒక పట్టిక పెట్టుకోండి. నిలువు వరుసలు ఐదు చాలు: ఏడాది, కాగితం, అది చెప్పినది, గ్రిడ్ నంబరు, నమ్మకం. నమ్మకం గడిలో మూడే గుర్తులు. కాగితం చోటును స్వయంగా చెబితే ‘ఖాయం’. కౌలుదారు పేరుతో కలిపితే ‘బహుశా’. బాయి పేరు ఒక్కటే ఆధారమైతే ‘పేరు మాత్రమే’. చరిత్ర వాక్యాల్లో మొదటి రెండు రకాలే వాడండి. మూడోవి అడుగున ఉంచండి, వాటిలో కొన్ని తర్వాత దొరికే పన్ను పుస్తకంతోనో నేమ్ బుక్‌తోనో పైకెక్కుతాయి. తెరిచిన ఏడాది, మూసిన ఏడాది తెలియకపోతే హద్దులు ఇవ్వండి: ‘1859 పటంలో లేదు, 1865 రోల్‌లో ఉంది, 1875 రోల్‌లో లేదు’. మొత్తం బరువులు పాత టన్నుల్లోనే ఉంచి, పక్కన ఒక్కసారి 1,016 కిలోలని చెప్పండి. పొరల పేర్లు అక్కడివాళ్లు పిలిచినట్టే తెలుగు లిపిలో రాయండి, అనువదించవద్దు. అదే పేరుతో పక్క జిల్లాలో వేరే పొర ఉండొచ్చు, కాబట్టి పేరు వెంట ఎప్పుడూ జిల్లా కూడా ఉండాలి.